జోడీ కుదరని మోటారు

మోటారును నడిపే డ్రైవ్ పెట్టె మీద మళ్లీ ఎర్ర లైటు వెలిగింది. మోటారు ఉలిక్కిపడ్డట్టు ఒకసారి ఊగి, ఆగిపోయింది.

“చెప్పిన గద ఉపేందర్! డ్రైవ్ ఒక కంపెనీది, మోటారు ఇంకో కంపెనీది. రెండిటికీ జోడీ కుదరదు. సార్‌కు చెప్పి మిషన్ వాపస్ పంపిద్దాం,” అన్నాడు అబ్రహాం, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

నాచారంలోని ఆ చిన్న మందుల ప్యాకింగ్ యూనిట్‌లో అబ్రహాం ఇరవై రెండేళ్లుగా మెకానిక్. సిరప్ సీసాలకు లేబుళ్లు అంటించే ఈ మిషన్‌ను యజమాని గిరిప్రసాద్ పాతది కొన్నాడు. దాని మోటారు కాలిపోయి ఉంటే, బజార్లో దొరికిన వేరే మోటారు తెచ్చి బిగించారు. పన్నెండు రోజులుగా అబ్రహాం దానితో కుస్తీ పడుతున్నాడు. మోటారు ఎంత తిరిగిందో దాని వెనకున్న ఎన్‌కోడర్ డ్రైవ్‌కు చెబుతుంది. తను అడిగినదానికీ అది చెప్పినదానికీ పొంతన లేకపోతే డ్రైవ్ పని ఆపేస్తుంది. ప్రతిసారీ అదే జరుగుతోంది.

చివరికి గిరిప్రసాద్, రెండు నెలల కింద చేరిన ఉపేందర్‌ను పిలిచాడు. “నువ్వు చూడవయ్యా. నడిపిస్తే నిన్ను పర్మినెంట్ చేస్తా.”

పక్క హాల్లో ఆరుగురు ఆడవాళ్లు చేత్తో లేబుళ్లు అంటిస్తున్నారు. వాళ్లలో ఉప్పలమ్మ ఉపేందర్‌కు చిన్నమ్మ. అతనికి ఇక్కడ పని ఇప్పించింది ఆమే.

“మిషన్ వస్తే మా నడుం నొప్పులు తప్పుతయా బిడ్డా?” అని పొద్దున అడిగింది.

“తప్పుతయ్ చిన్నమ్మా. ఆర్డర్లు పెరుగుతయంట. మీరు మిషన్ పక్కన నిలబడి సూసుకునుడే.”

గిరిప్రసాద్ అతనికి అలాగే చెప్పాడు మరి.

“జర ఆలోచించు తమ్మీ,” అన్నాడు అబ్రహాం అన్నానికి లేస్తూ. “మనతోని కాదని చెప్పుడు తప్పేం గాదు.”

ముసలాయనకు కుళ్లు అనుకున్నాడు ఉపేందర్. తనకు కానిది ఇంకొకడికి అయితే ఓర్వలేడు.

ఆయన అటు పోగానే కనెక్టర్ విప్పాడు. వైర్లకు టేపు ఎంతో పొందికగా చుట్టి ఉంది. ఒక్కో కంపెనీది ఒక్కో రంగుల వరస కాబట్టి రంగులను నమ్మకుండా మీటరుతో ఒక్కో వైరూ పరీక్షించాడు. అరగంటలో దొరికిపోయింది. ఒక జతలో రెండు వైర్లు తారుమారయ్యాయి. డ్రైవ్ ముందుకు పొమ్మంటే మోటారు వెనక్కి పోతోంది. వాటిని మార్చి, ఎన్‌కోడర్ లెక్కను ఈ మోటారుకు తగ్గట్టు సరిచేశాడు.

ఆకుపచ్చ లైటు వెలిగింది. సీసాలు వరసగా కదిలాయి. ఒక్క లేబులూ వంకరపోలేదు.

గిరిప్రసాద్ పరుగున వచ్చాడు. ఆడవాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు.

“ఏముంది సార్, రెండు వైర్లు ఉల్టా ఉన్నయ్,” అన్నాడు ఉపేందర్, సంబరం పట్టలేక. “అబ్రహామన్నకు కండ్లు సరిగ ఆనుతలేవు.”

అప్పుడే టిఫిన్ డబ్బాతో తిరిగొచ్చిన అబ్రహాం గుమ్మంలో ఆగిపోయాడు. మిషన్‌ను చూశాడు. చప్పట్లు కొడుతున్న వాళ్లను ఒక్కొక్కరినే చూశాడు.

“అవును సార్, వయసైపోయింది,” అన్నాడు.

ఆ శనివారమే ఆయన్ను ఇంటికి పంపేశారు.

మరుసటి నెల మొదటి రోజున ఆరుగురు ఆడవాళ్లనూ రేపటి నుంచి రావద్దన్నారు. ఉపేందర్ గేటు దాకా ఉప్పలమ్మ వెంట నడిచాడు.

“నువ్వేం జేస్తవ్ బిడ్డా, నీ పని నువ్వు జేసినవ్,” అంది ఆమె. వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

ఆ మాట అతన్ని ముద్ద మింగనివ్వలేదు. ఆదివారం ఉప్పల్‌లో అబ్రహాం ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. అబ్రహాం భార్య పాపమ్మ కుర్చీ వేసి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. అబ్రహాం అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నాడు, తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు.

“అందరి ముందట నిన్ను గట్ల అన్న. మాఫ్ చెయ్యన్నా.”

“పోనీలే.”

“ఆరుగురూ పోయిన్రు. మా చిన్నమ్మ కూడా. నీ లెక్కనే నాతోని గూడ కాకపోతే మంచిగుండు.”

అబ్రహాం తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు. ఉపేందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ఒక్కటి సమజైతలేదన్నా. ఇరవై రెండేండ్ల పనిమంతునివి. గా రెండు వైర్లు ఎట్ల ఉల్టా పెట్టినవ్?”

అబ్రహాం తలెత్తాడు.

“మొదటి రోజే మిషన్ మంచిగ నడిచింది తమ్మీ. పక్క హాల్ల ఆరుగురిని జూసి మళ్ల వైర్లు విప్పిన.”