గీతకు అవతల చుక్క

“కోచ్ గారు దారి తప్పినట్టున్నారే! సన్మానం మీ ఊరి చౌరస్తాలో. ఇక్కడ గొర్రెలు తప్ప చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు.”

మైషబెల్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతిలో పాలబకెట్టు.

“మీ అన్నయ్యతో ఒక్క మాట చెప్పి పోతాను,” అన్నాడు బిట్టోర్.

“ముప్పయ్యొక్క ఏళ్ళకా గుర్తొచ్చింది ఆ ఒక్క మాట?”

బిట్టోర్ తల దించుకున్నాడు. ఆమె పక్కకు తప్పుకుంది.

కింద లోయలో, ఉర్కోలా చౌరస్తాలో డోలు సరిచూసుకుంటున్న చప్పుడు పైదాకా వినిపిస్తోంది. పన్నెండు గంటలకు అతని ఎదుట అవురెస్కు నాట్యం చేస్తారు. ఆ నాట్యం ఎవరి కోసమో ఆ మనిషి టోపీ తీసి, కదలకుండా నిలబడాలి. ఊరు ఒక మనిషికి అంతకు మించిన గౌరవం ఇవ్వదు. ఆ తర్వాత ఇచ్చే చెక్క ఫలకం మీద ఏం చెక్కించారో నిన్ననే తెలిసింది. ‘మాట తప్పని బిట్టోర్’.

అది తెలిసిన తెల్లారే కొండెక్కి ఇక్కడికి వచ్చాడు.

పొగగదిలో ఎర్రామున్ గొర్రెపాల చీజ్ ముద్దలను ఒక్కొక్కటే తిప్పి పెడుతున్నాడు. గోల్‌కీపర్ చేతులు. ముద్ద ఎంత పెద్దదైనా ఆ అరచేతుల్లో చిన్నదిగానే కనిపిస్తోంది.

“ఎర్రామున్, మధ్యాహ్నం నువ్వు రావాలి.”

“నాకు పనుంది.”

“నా పక్కన నిలబడ్డానికి కాదు. నా స్థానంలో నిలబడ్డానికి.”

“పొద్దున్నే తాగావట్రా?”

“ఆ గోలు...”

“ఆ సంగతి ఎత్తకు!” ఎర్రామున్ వెనక్కి తిరగలేదు. “ఆ మైదానం వైపు చూసే మొహం నాకు లేదు.”

బిట్టోర్‌కు తెలుసు. ఆ మొహం లేకుండా చేసింది తనే.

ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట ఉర్కోలాకీ ఈ పై ఊరు ఆరిస్టికీ ఫుట్‌బాల్ ఫైనల్. అప్పుడు అతను ఉర్కోలా ఫార్వర్డ్, ఎర్రామున్ ఆరిస్టి గోల్‌కీపర్. వాన. గీతలన్నీ బురదలో చెరిగిపోయాయి. ఆఖరి నిమిషంలో గోల్ ముందు అరడజను మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎర్రామున్ చేతుల్లోంచి బంతి జారింది. కింద పడి ఉన్న బిట్టోర్ ఎడమచేత్తో దాన్ని వలలోకి నెట్టాడు.

“చెయ్యి! చెయ్యి!” అని అరిచాడు ఎర్రామున్.

రిఫరీకి ఏమీ కనబడలేదు. అనుమానం వస్తే ఆ లోయలో ఒకటే పద్ధతి. ఆటగాణ్ణే అందరి ముందూ అడుగుతారు. అతను ‘మాటే’ అని మాట ఇచ్చాడంటే ఇక ఎవరూ మారు పలకరు.

“తల తగిలింది. మాటే,” అన్నాడు బిట్టోర్.

ఎర్రామున్ వెళ్ళి రిఫరీని తోసేశాడు. రెండేళ్ళ నిషేధం. మళ్ళీ అతను గ్లవ్స్ తొడగలేదు. ఓడిపోతే ఓర్చుకోలేని అబద్ధాలకోరని సొంత ఊరివాళ్ళే అన్నారు. ఆ వారమే నగరంలోని పెద్ద క్లబ్బు బిట్టోర్‌ను తీసుకుంది.

పదకొండేళ్ళు ఆడాడు. తర్వాత కోచ్ అయ్యాడు. కోచ్‌గా అతనిది ఒకటే నియమం: రిఫరీని మోసం చేసినవాడు బయటికి. సెమీఫైనల్లో దెబ్బ తగిలినట్టు నటించాడని తన ఫార్వర్డ్‌నే ఆటలోంచి దించేశాడు. ఓడిపోయాడు. మూడు క్లబ్బులు అతన్ని పీకేశాయి. పీకేసిన ప్రతిసారీ పత్రికలు పొగిడాయి. ఆ పొగడ్త చదివిన ప్రతిసారీ ఎడమచేతిని జేబులో దాచుకునేవాడు.

ఏటా మే నెలలో, సరిగ్గా ఆ ఫైనల్ తేదీకి, అతని గడపలో ఒక చీజ్ ముద్ద ఉండేది. పేరుండదు. పైన కత్తితో కోసిన ఒక గీత, పక్కన ఒక చుక్క. పొగవాసనే చెప్పేది అది ఎవరిదో.

“చేత్తోనే నెట్టాను,” అన్నాడు బిట్టోర్. “నువ్వు అరిచింది నిజం. నేను ఇచ్చిన మాట అబద్ధం. ఇవాళ అందరి ముందూ చెబుతాను. ఆ నాట్యం నీకు జరగాలి.”

గుమ్మంలో బకెట్టు దబ్బున కిందపడింది. పాలు గడప దాటి పారాయి.

“విన్నావా అన్నయ్యా! నా బతుకంతా నిన్ను అబద్ధాలకోరు అంటుంటే విన్నాను. పద, కోటు వేసుకో!”

“ఊరుకోవే.”

“ఎందుకు ఊరుకోవాలి?”

“ఊరుకోమన్నానా!” ఎర్రామున్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. “చెప్పకు బిట్టోర్. ఎవరికీ చెప్పకు.”

“నన్ను కాపాడొద్దు ఎర్రామున్.”

“నిన్ను కాదురా.”

కింద పిల్లనగోవి మొదలైంది. ఎర్రామున్ ఒక ముద్ద తీసి బల్లమీద పెట్టాడు. కత్తితో గీత గీశాడు. పక్కన కత్తిమొన దించి చుక్క పెట్టాడు.

“ఇన్నేళ్ళూ దీన్ని ఏమనుకున్నావు?”

“చెవికోత గుర్తు. ఒక గంటు, పక్కన ఒక కన్నం. మందలోంచి తీసేసే గొర్రెకి మా నాన్నా అలాగే వేసేవాడు. నన్ను మనుషుల్లోంచి తీసేశావనుకున్నాను.”

ఎర్రామున్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“గొర్రెలకాపరి కొడుకువి. నీకింకేం తోస్తుంది?” అని టోపీ తీసి గుప్పిట్లో నలిపాడు. “నోటితో చెప్పే ధైర్యం లేకే కత్తితో గీసి పంపాను. ఏడాదికొకటి. ఏదో ఒక ఏడాది నీకు తెలుస్తుందని, నువ్వొచ్చి నన్ను నాలుగు తిడతావని.”

“నేనా? నిన్నా? ఎందుకు?”

ఎర్రామున్ గీత మీద వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి మెల్లగా చుక్క దాకా జరిపాడు.

“నేను తెలిసే అరిచాను. నీ చెయ్యి తగలకముందే బంతి గోల్ గీత దాటింది.”