హెల్మెట్‌లో గొంతు

"మీ హెల్మెట్ హెచ్చరికలు పనిచేస్తున్నాయాండీ?" అడిగింది రోడ్డు భద్రత సర్వేకి వచ్చిన అమ్మాయి.

"భేషుగ్గా! మలుపు రాకముందే స్లో చేసేస్తున్నా," అన్నాడు చలపతి.

సుభద్రకు ఒళ్లు మండింది. ఎవరు చెబితే మనిషి వేగం తగ్గిస్తాడో కనిపెట్టి, ఆ గొంతుతోనే చెబుతుంది హెల్మెట్. ఇన్నేళ్లూ తను మొత్తుకున్నా వినని మొగుడు ఇప్పుడెవరి మాట వింటున్నట్టు? హెల్మెట్ లాక్కుని తలకు పెట్టుకుంది.

"మెల్లగా వెళ్లు బంగారం," అందొక ఆడగొంతు.

"ఎవరిదండీ ఈ గొంతు?" మొగుణ్ణి నిలదీసింది.

చలపతి గబుక్కున ఆమె తల మీంచి హెల్మెట్ తీసేసుకున్నాడు.

"మరి మీ హెల్మెట్ ఎలా ఉంది మేడమ్?" అడిగింది అమ్మాయి.

"నాదా? పాడైపోయిందమ్మా. అసలు మాట్లాడదు," అంటూ సుభద్ర పక్కనున్న తన హెల్మెట్‌ని వెనక్కి దాచుకుంది.

అమ్మాయి ట్యాబ్ చూసి తెల్లబోయింది. "అదేంటండీ, ఈ వీధి మొత్తానికీ హెల్మెట్ మాట బాగా వినేది మీరేనట!"

చలపతి చెయ్యి చాచాడు. "ఏదీ, ఇలా ఇవ్వు."