సగం ఊపిరి

"ఊపిరి బిగబట్టేది అంత కష్టమా లోకా? నిన్ను చేసుకున్నప్పట్నించీ నేను బిగబట్టుకోనే ఉండానే!"

భార్యను నవ్వించాలని చూశాడు ఢిల్లీబాబు.

లోకేశ్వరి నవ్వలేదు.

ఆమె ఊపిరితిత్తిలో శనగగింజంత గడ్డ. అది మంచిదో చెడ్డదో తేలితే గాని ఈ గడ్డుకాలం గట్టెక్కదు.

తేలాలంటే స్కానింగ్ మిషన్లో చూసుకుంటూ, వీపులోంచి సూది దించి, గడ్డలోంచి చిన్న ముక్క తీయాలి.

ఊపిరి కదిలితే గడ్డ కదులుతుంది. గడ్డ కదిలితే సూది గురి తప్పుతుంది. పక్కనే గుండె.

పోయిన వారం ఇంకో ఊళ్లో మిషను హిందీలో ఊపిరి పట్టమంది. అది అర్థమయ్యేలోగా లోకేశ్వరి ఊపిరి వదిలేసింది. ప్రాణం వదల్లేదు, అదే పదివేలు.

ఇవాళ తిరుపతి ఆస్పత్రిలో రెండో ప్రయత్నం. ఇదీ తప్పితే ఛాతీ కోయడమే.

"సూదికి దారం అక్కర్లేదంట. నువ్వు దారిస్తే సాలంట," అన్నాడు ఢిల్లీబాబు.

ఎదురు కుర్చీలోంచి, మెడకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన లేచి వచ్చాడు.

లోకేశ్వరి ఛాతీ వైపు వేలు చూపించాడు. తన రొమ్ము మీద అరచెయ్యి పెట్టి, మెల్లగా పైకి జరిపి, సగంలో ఆపాడు. గుప్పిట బిగించాడు.

లోకేశ్వరి గబుక్కున కొంగు లాక్కుంది.

"ఏమప్పా! ఆడమనిషికి యాడ సూపిస్తాండావు చెయ్యి?" ఢిల్లీబాబు ఎగిరి లేచాడు.

పెద్దాయన తల అడ్డంగా ఊపి, మళ్లీ అదే చేశాడు.

"నోరు లేదా నీకు?"

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. తువ్వాలు కిందనుంచి బుస్సుమని గాలి వచ్చింది.

"బుస కొడతాండాడే! పొద్దున్నే తాగినావా?"

"ఏమయ్యా, ఆయప్పను పంపించేయమను. నాకు భయంగా ఉండాది," అంది లోకేశ్వరి.

సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. "నేను నిన్ననే చేరినాను సార్. ఈయనెవరో నాకూ తెలీదు."

రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. పెద్దాయన పెనుగులాడలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, మళ్లీ రొమ్ము మీద చెయ్యి, సగం, గుప్పిట.

"నోట్లో మాట లేదు, చేతికి అదుపు లేదు!" అరిచాడు ఢిల్లీబాబు. తలుపు మూశారు.

లోపలికి పిలుపు వచ్చింది.

లోకేశ్వరిని మిషన్ బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. డాక్టర్ స్రవంతి సూది అందుకుంది.

"వాయిస్ పెట్టు కిరణ్."

మిషను నడిపే కిరణ్ మీట నొక్కాడు.

"తల్లీ, గాలి పీల్చు... సాలు సాలు, సగమే. ఆడనే పట్టుకో. గెట్టిగా... నేనుండా గదా... ఆఁ, ఇంగ వదులు."

బజారంతా వినపడే గొంతు. అయినా చెవిలో చెప్పినట్టు మెత్తగా ఉంది. పక్కనే ఎవరో నిలబడ్డారనుకుని లోకేశ్వరి తల తిప్పబోయింది.

"కదలొద్దమ్మా!"

సూది దిగింది. తెర మీద తెల్లటి గీత గడ్డకు వేలెడు దూరంలో ఆగింది.

అప్పుడే దగ్గు తన్నుకొచ్చింది. లోకేశ్వరి పళ్లు బిగించింది. స్రవంతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"మళ్లీ పెట్టు. తొందరగా."

"తల్లీ, గాలి పీల్చు... సాలు సాలు, సగమే..."

ఎవరో వీపు నిమిరినట్టు దగ్గు అణిగింది. సగం ఊపిరి సగంలోనే నిలిచింది.

సూది గడ్డను అందుకుని టిక్కుమంది.

"ముక్క వచ్చేసింది," అంటూ స్రవంతి నుదురు తుడుచుకుంది.

లోకేశ్వరికి కన్నీళ్లు ఆగలేదు.

"ఆ మాట్లాడినాయన్ని రమ్మను నాయనా. దండం పెట్టుకోవాల."

"అది రికార్డు అక్కా," అన్నాడు కిరణ్. "మునిరామయ్య అని, పలమనేరు టమోటా మండీలో వేలం పాడేవాడు. క్యాన్సరొచ్చి స్వరపేటిక తీసేసే ముందురోజు, మేము అడిగితే ఈ నాలుగు మాటలూ చెప్పి పోయినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

"బయటే గదా ఉండేది! మాట పోయింది గానీ మనిషి మానుకోలేదక్కా. భయపడేవాళ్ల ముందర నిలబడి, ఇప్పుడు చేతుల్తోనే ఊపిరి నేర్పిస్తా ఉంటాడు."