ఉత్త కవరు

"మాస్టారూ, ఫిల్ము రీలుని ఉత్త కవర్లో పెట్టేశారేంటి? థర్మాకోల్ పెట్టె ఏదీ?" అన్నాడు పార్సిల్ ఆఫీసు గుమస్తా.

"అక్కర్లేదు. ల్యాబుకి అలాగే పంపించెయ్," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"మండు వేసవండీ! లారీ రెండ్రోజులు ఎండలోనే ఉంటుంది, ఆ వేడికి కడగని రీలు పాడైపోదూ? ఖాళీ ఫొటో కాగితానికే చుట్టూ ఐసు ప్యాకెట్లు పేర్చే మనిషి మీరు!"

"నీకెందుకయ్యా? పాడైతే నాదేగా!"

పక్కనున్న భార్య ఉలిక్కిపడింది. ఆ రీలులో ఉన్నవి చనిపోయిన కూతురి చివరి ఫొటోలు. కడిగించమని మూడేళ్లుగా ఆమె పోరుతున్నా, అతను దాన్ని ఫ్రిజ్‌లో కూరల వెనక దాచి, రోజుకోసారి తడిమి చూసుకునేవాడు. నిన్న ఉన్నట్టుండి సరేనన్నాడు. ఆమె ఎంతో సంబరపడింది.

ఇప్పుడర్థమైంది. పిల్లని చూసే ధైర్యం లేదు, పారేయడానికి చేతులు రావు. అందుకే ఎండకి అప్పజెబుతున్నాడు.

ఆమె కౌంటరు మీది కవరు చటుక్కున లాక్కుంది.

"నువ్వేగా కడిగించమని ప్రాణం తీశావు!" అన్నాడతను.

"తీశాను. ఇంక అడగనులెండి." కవరుని సంచి అడుక్కి దోపింది. "మీరు చూడగలిగిన రోజునే కడిగిద్దాం. పదండి, నీడపట్టున నడుద్దాం. దానికసలే ఎండ పడదు."