రాజుగారి చేతిలో ఓడేవాడు

“మళ్ళీ ఓడిపోయావటగా?” బ్యాటు అందుకుంటూ అడిగాడు గిల్బర్ట్.

“రాజుగారి ముందు మనమెంత!” నవ్వాడు ఆంబ్రోస్.

ఆ నవ్వు చూడలేక గిల్బర్ట్ మొహం తిప్పుకున్నాడు. కోటలో వలకు అటూ ఇటూ నిలబడి ఆడే బంతాట బ్యాట్లకు తీగల్లా గొర్రెపేగులు బిగించడం అతని పని. ఇరవై ఏళ్లుగా పేగుల కంపు భరిస్తున్నాడు గానీ, ఈ మనిషిని మాత్రం భరించలేకపోతున్నాడు.

రాజుగారికి రెండే సరదాలు. పొద్దున జింకల వేట, మధ్యాహ్నం బంతాట. జింక రాజుగారి సరదాకి చావాలి గాని, పేదవాడి ఆకలికి చావకూడదట. ఒక్క జింకను కొట్టి తిన్నందుకు గిల్బర్ట్ తమ్ముడు టోబీకి ఉరిశిక్ష పడింది. ఇవాళ బుధవారం. శుక్రవారమే ఉరి. ఈ వేసవిలో ఇదే నేరానికి పట్టుబడిన పదకొండుమందిని వదిలారు గానీ, గిల్బర్ట్ స్వయంగా రాసిన మూడు అర్జీలూ గోడకు చెప్పుకున్నట్టే అయ్యాయి.

ఈ ఆంబ్రోస్ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలియదు. వేసవి మొదట్లో వచ్చాడు. రాజుగారితో ఆడతాడు, ఓడతాడు, వంగి ఆయన చెవిలో ఏదో అడుగుతాడు. రాజుగారు పకపకా నవ్వి తల ఊపుతారు.

“ఏ ఎస్టేటు అడుగుతున్నావయ్యా చెవిలో?” అన్నాడు గిల్బర్ట్.

“చిన్న కోరికలేలే. మీ తమ్ముడు ఎలా ఉన్నాడు?”

“నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో!”

ఆంబ్రోస్ వేరే బ్యాటు తీసుకుని వెళ్ళిపోయాడు.

గిల్బర్ట్ పాత బ్యాటును వెలుతురుకు పెట్టి చూశాడు. పేగులు సరిగ్గా నడిమధ్యన, షిల్లింగు బిళ్ళంత మేర అరిగి ఉన్నాయి. ఇంకెక్కడా గీత కూడా లేదు. ప్రతి బంతినీ నడిమధ్యన కొట్టగలిగినవాడు రోజూ వలలోకి ఎందుకు కొడతాడు?

కావాలనే ఓడుతున్నాడు!

“థూ! ఇదీ ఒక బతుకేనా!” అంటూ ఉమ్మేశాడు.

ఆ అసహ్యంలోంచే ఒక ఆశ పుట్టింది. బ్యాటు పట్టుకుని, రాజుగారి ఆటలు చూసుకునే రోజర్ దొర దగ్గరికి పరుగెత్తాడు.

“ఖాయమేనా?” అన్నాడు దొర.

“బ్యాటే సాక్ష్యం దొరా. ఈ సంగతి చెప్పినందుకు మా తమ్ముడి ప్రాణం ఇప్పించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“చూద్దాంలే.”

మధ్యాహ్నం ఆట జరగలేదు. ఇన్నాళ్ల గెలుపులూ ఒకడు వేసిన భిక్షమని తెలిసి రాజుగారు మండిపడ్డారు. అందరి ముందూ ఆంబ్రోస్‌ను కొరడాతో కొట్టించి, కోట బయటికి గెంటించారు. వీపంతా నెత్తురుతో పోతున్న ఆ మనిషిని చూసి గిల్బర్ట్ జాలిపడలేదు. తగిన శాస్తే అనుకున్నాడు.

వెంటనే రోజర్ దొర దగ్గరికి వెళ్ళాడు.

“దొరా, మా టోబీ సంగతి...”

దొర కోడికాలు కొరుకుతూ, వేళ్ళకంటిన జిడ్డు నాక్కుంటూ అన్నాడు. “జింకల కేసుల్లో మేం నోరెత్తలేమయ్యా. ఎత్తితే మా తలలే పోతాయి.”

“ఈ వేసవిలో పదకొండుమందిని వదిలారుగా దొరా! ఎవరు అడిగితే వదిలారు?”

“ఆట గెలిచిన హుషారులో రాజుగారు ఒక్కడు అడిగితేనే వదిలేవారు.” దొర ఎముకను కుక్కకు విసిరి, నలిగిన చీటీ ఒకటి గిల్బర్ట్ ముందుకు తోశాడు. “వాడి జేబులో దొరికింది. చూడు.”

చీటీలో పదకొండు పేర్లు కొట్టేసి ఉన్నాయి. వాటి కింద, ఇవాళ్టి ఆట కోసం రాసిపెట్టుకున్న టోబీ పేరు ఉంది.