బంగారానికి కాపలా

"నా బంగారం నా ఇంట్లో ఉండకూడదా? ఇదెక్కడి న్యాయమమ్మా!"

ఫోన్లో ఎల్వుడ్ అరిచిన అరుపుకు, పొయ్యి దగ్గర పంది మాంసం ముక్కలు వేయిస్తున్న భార్య జెనీవా ఉలిక్కిపడింది.

స్పీకరులో ఖాతా కంపెనీ అమ్మాయి తొణకలేదు. "రిటైర్మెంట్ ఖాతాలో కొన్న బంగారం ప్రభుత్వం ఒప్పుకున్న ఖజానాలోనే ఉండాలండీ. ఇంటికి తెచ్చుకుంటే సొమ్ము వెనక్కి తీసుకున్నట్టే. పన్ను పడుతుంది."

"మరి నేను నేలమాళిగలో ఇనప్పెట్టె బిగించానే! కాంక్రీటులోకి బోల్టులు దిగగొట్టి మరీ!"

"అందులో ఇంకేమైనా పెట్టుకోండి."

"ఉల్లిపాయలు పెడతాలెండి," అంది జెనీవా నవ్వాపుకోలేక.

"నవ్వు, నవ్వు! షేర్ల కాగితాలతో విసిగిపోయి, జీవితంలో మొదటిసారి చేత్తో పట్టుకునే ఆస్తి కొన్నాను. ఊరూరా పైపులు బిగించిన కష్టమే అది. దాన్ని ముక్కూ మొహం తెలియనివాడెవడో కాపలా కాస్తాడట!"

అంతలో తలుపు గంట మోగింది. ఎల్వుడ్ గొలుసు తీయకుండా సందులోంచి చూశాడు. అల్లుడు కర్టిస్. భుజాన నిచ్చెన ఉంది. మొహంలోకి చూస్తూనే ఎల్వుడ్ అడిగాడు.

"ఎవరూ?"

"నేనే మావయ్యగారూ. మీ నిచ్చెన ఇచ్చిపోదామని."

"వరండాలో పెట్టి వెళ్ళు."

తలుపు మూసుకుంది. జెనీవాకు ఒళ్ళు మండింది. "కూతురి మొగుణ్ణి పట్టుకుని ఎవరూ అంటారా! ఈ ఇంటి తాళంచెవి ఒకటి వాడి చేతిలో పెడితే మీ సొమ్మేం పోయింది?"

"పనెక్కడోయ్ అంటే నీళ్ళు నములుతాడు. ఏదో గోదాములెండి అంటాడు. ఏ గోదామంటే నోరు మెదపడు. చెప్పుకోలేని పని చేసేవాడికి నా తాళంచెవా? మనిషిని చూడగానే పట్టేస్తాను నేను."

"ఆ, పట్టారు!"

"చూస్తూ ఉండు. ఆ ఖజానాకూ వెళ్తాను. కాపలావాడి మొహం చూస్తాను. నచ్చితే ఉంచుతా, లేకపోతే మొత్తం అమ్మిపారేస్తా."

అన్నంత పనీ చేశాడు. ముందుగా అనుమతి తీసుకుని, చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని, జెనీవాను కారెక్కించుకుని ఖజానా ఉన్న విల్మింగ్టన్ బయలుదేరాడు.

ఆ కట్టడానికి బోర్డు కూడా లేదు. ఎల్వుడ్‌కు అదే ముందుగా నచ్చింది. లోపల గోడను వేలి కణుపుతో కొట్టి చూశాడు. చప్పుడు విని తలాడించాడు. కెమెరాలు చూశాడు, ఒకటి మూస్తేగాని రెండోది తెరుచుకోని తలుపులు చూశాడు.

"భేష్! పనంటే ఇదీ," అన్నాడు వెంట వచ్చిన అధికారిణితో. "ఇక ఒక్కటే మిగిలింది. తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి?"

"మా అందరిలోకి నమ్మకస్తుడి చేతిలోనండీ. ఇక్కడివాళ్ళెవరూ తమ పనెక్కడో బయట చెప్పకూడదు. అతనైతే సొంత అత్తమామలకు కూడా చెప్పలేదట. ఎన్ని మాటలు పడినా సరే."

ఎల్వుడ్ పొంగిపోయాడు. "విన్నావా జెనీవా? మగాడంటే అలా ఉండాలి! అలాంటివాడికి నా బంగారమే కాదు, నా ఇల్లు కూడా అప్పగిస్తాను."

జెనీవా అప్పటికే పెదవి కొరుక్కుంటోంది.

అధికారిణి గంట నొక్కింది. ఉక్కు తలుపులో చిన్న కిటికీ తెరుచుకుంది. లోపల నడుముకు తాళాల గుత్తితో కర్టిస్ నిలబడి ఉన్నాడు. మావగారి మొహంలోకి చూస్తూనే అడిగాడు.

"ఎవరూ?"