బీరువా కింద కళ్లు

"రెండు వారాలూ అయిపోయాయి జెనోన్ గారూ. ఇంక ఫీగాని తీసుకెళ్లిపోతాను," అంది యగోదా, ఖాళీ పిల్లి బుట్టని గుమ్మంలో దించుతూ.

జెనోన్ వచ్చినవాళ్ల కోసం ఉంచే ఇంటి చెప్పుల్ని ఆమె ముందుకి జరిపాడు. ఆమె బూట్లు విప్పి వాటిలో కాళ్లు పెట్టింది. అనాథ పిల్లుల ఆశ్రమం పెంపకానికిచ్చిన పిల్లులు రెండు వారాల్లో మచ్చికయ్యాయో లేదో ఇలా ఇంటింటికీ తిరిగి చూడటం ఆమె పని.

"మెల్లిగా మాట్లాడు తల్లీ. ఇప్పుడే పడుకున్నట్టుంది," అన్నాడాయన, గదిలో చెక్క బీరువా వైపు చూపిస్తూ.

"కళ్లు మూసిందా?"

"లేదు. అదెప్పుడూ మూయదు."

వచ్చిన రోజు బుట్ట తెరవగానే ఫీగా ఆ బీరువా కిందకి దూరింది. అప్పట్నుంచి వంగి చూస్తే చీకట్లో రెండు కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. చెయ్యి పెట్టకూడదు, దీపం వెయ్యకూడదు అని యగోదాయే చెప్పి వెళ్లింది. జెనోన్ పెట్టలేదు, వెయ్యలేదు. పోలండ్‌లోని వూచ్ నగరంలో ముప్ఫై ఆరేళ్లు ట్రాము నడిపిన మనిషి. నిబంధన అంటే నిబంధనే.

యగోదా కాయితం తీసింది. "రోజూ చదివి వినిపించారా?"

"వినిపించాను. ఇంట్లో ఉన్నది ఒక్కటే పుస్తకం, ట్రాము డ్రైవర్ల నిబంధనలు. బ్రేకుల పాఠం అయిపోయింది. మంచు పడ్డ పట్టాల దాకా వచ్చాం."

"పర్లేదు, దానికి కావలసింది మీ గొంతు. మీరు కట్టి విడిచిన బట్ట పెట్టారా?"

"బీరువా పక్కనే చొక్కా పెట్టాను. పెట్టింది పెట్టినట్టే ఉంది."

"తిండి?"

"తెల్లారేసరికి గిన్నె నాకేసి ఉంటుంది. దొడ్డికని పెట్టిన మట్టి ట్రే కూడా వాడుతోంది. ఆ రెంటికీ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో నాకు తెలీదు."

"ఇంట్లో పెద్ద చప్పుళ్లు చెయ్యలేదు కదా?"

"చప్పుడా? సోఫా కూడా తెరవలేదమ్మా."

ఆ సోఫా రాత్రి తెరిస్తే మంచం, పొద్దున మూస్తే సోఫా. తెరిచినప్పుడల్లా దాని స్ప్రింగులు ట్రాము మలుపు తిరిగినట్టు కీచుమంటాయి. అందుకని పద్నాలుగు రాత్రులూ జెనోన్ దాన్ని మూసే ఉంచి, ఆ ఇరుకులోనే ముడుచుకుని పడుకున్నాడు. దిండూ దుప్పటీ దాని అడుగున పెట్టెలోనే ఉండిపోతే, పాత యూనిఫారం కోటు కప్పుకున్నాడు.

"నడుము పట్టేసి ఉంటుందే."

"నడుము సంగతి సరే. కింది వాటా లుత్సీనా ఫ్రిజ్‌తోనే చావొచ్చిపడింది. నేనిలా ఒరుగుతానో లేదో, సన్నగా ఒకటే రొద."

"ఆవిడకి చెప్పలేకపోయారా?"

"రెండుసార్లు చెప్పా. అది కొత్త ఫ్రిజ్, కుక్కిన పేనులా ఉంటుంది, ముందు వెళ్లి నీ చెవులు చూపించుకోవయ్యా అంది."

యగోదా నవ్వలేదు. కాయితం మీద పిల్లి మచ్చికైందా అని అడిగే గళ్లన్నిటిలోనూ 'లేదు' అనే రాసింది. సంచిలోంచి తోలు చేతి తొడుగులు తీసింది.

"ఇంకొక్క వారం ఆగమ్మా."

"అందరూ అదే అంటారు. మనిషంటే ఇంత భయపడే పిల్లిని ఇంట్లో కట్టిపడేస్తే దానికి జైలే. ఊరవతల పొలాల్లో ధాన్యపు కొట్లున్నాయి. మనుషులుండరు, ఎలుకలుంటాయి. అక్కడ వదిలేస్తాం."

"మంచు పట్టాలయ్యాక గంట కొట్టే పద్ధతులొస్తాయి. అవి దానికి నచ్చుతాయేమో."

"జెనోన్ గారూ, మొదటి రోజే చెప్పాను. మీరు దాన్ని చూసి మెల్లగా కళ్లు మూసి తెరవాలి. అదీ అలాగే చేస్తే మిమ్మల్ని నమ్మినట్టు. ఒక్కసారి చేసి చూపించమనండి, ఈ కాయితం ఇక్కడే చింపేస్తాను."

డెబ్భై ఒక్కేళ్ల జెనోన్ నేల మీద బోర్లా పడుకున్నాడు. బీరువా కింది కళ్లలోకి చూసి మెల్లగా కళ్లు మూశాడు. తెరిచాడు. మళ్లీ మూశాడు. తెరిచాడు. ఆ కళ్లు ఆయన్ని అలాగే చూస్తున్నాయి.

"లెండి," అంది యగోదా. తొడుగులు వేసుకుని మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టింది.

"గట్టిగా పట్టుకోకు," అన్నాడాయన గోడ వైపు తిరిగి.

బుస వినపడలేదు. గీరిన చప్పుడూ లేదు. యగోదా లాగింది. ఆమె చేతిలోకి వచ్చింది ఆడవాళ్లు కోటు మీద మెడకి చుట్టుకునే నక్క తోలు కాలరు, దుమ్ము కొట్టుకుపోయి, నక్క తలతో, రెండు గాజు కళ్లతో సహా.

జెనోన్ దాన్ని తీసుకుని దులిపాడు. "మా ఆవిడది. పోయేదాకా దీనికోసం వెతికింది."

"మరి పిల్లేదీ?"

వంటింట్లో లేదు. స్నానాల గదిలో లేదు. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. జెనోన్ కాలరు పట్టుకునే సోఫా మీద కూలబడ్డాడు.

సన్నగా రొద మొదలైంది.

"అదిగో, ఫ్రిజ్," అన్నాడు అలవాటుగా.

యగోదా కదలకుండా విన్నది. తర్వాత వంగి సోఫా వెనక చూసింది. అడుగున గుడ్డ చిరిగి పిల్లి దూరేంత కంత ఉంది.

"ఒకసారి లేవండి," అంది.

ఇద్దరూ కలిసి సోఫా పైభాగాన్ని ఎత్తారు. స్ప్రింగులు కీచుమన్నాయి. లోపల జెనోన్ దిండు మీద, 'కింది వాటా ఫ్రిజ్' గుర్రుమంటూ చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. తలెత్తి ఆయన్ని చూసి, మెల్లగా కళ్లు మూసి తెరిచింది.